జెల్ చేస్తే తగ్గిస్తానన్నాడంటే ఆ ఇల్లు వదిలేయండి

వేసవి దగ్గరపడితే చాలు, ఈ సందేహం వరసగా వస్తూనే ఉంటుంది. అమ్మానాన్నలు జూన్‌లో దిగుతున్నారు, అత్తామామలు కూడా వాళ్ళతోనే, న్యూయార్క్ చూపించాలి, హోటలైతే మూడు గదులు తీసుకోవాలి, పైగా నాన్నకి షుగరు, పొద్దున్నే ఇంత జావ కాచుకునే వీలుండాలి, మన్‌హాటన్ నడిబొడ్డున రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ ఒకటి చూశాం, రాత్రికి 150 డాలర్లే, బుక్ చేసేయమంటారా అన్నా?

వద్దు. ఫొటోలు చూడకుండానే చెప్తున్నా. న్యూయార్క్ నగరంలో 2023 సెప్టెంబరు 5 నుంచి లోకల్ లా 18 అనే నగర చట్టం గట్టిగా అమలవుతోంది. 30 రోజుల కంటే తక్కువకి ఇల్లు ఇవ్వాలంటే ఆ ఇంటివాళ్ళు సిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, మీరున్నన్నాళ్ళూ వాళ్ళూ అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి అతిథుల్ని పెట్టుకోకూడదు. అలాంటప్పుడు ఆరుగురికి, మూడు రాత్రులకి, మొత్తం ఇల్లు మీదే అని ఎవరైనా ప్రకటన పెట్టారంటే, అది హోటల్‌గా అనుమతి ఉన్న బిల్డింగ్ అయినా కావాలి, దొంగచాటుగా ఇస్తున్నదైనా కావాలి, లేకపోతే అసలు ఆ ఇల్లే ఉండి ఉండదు. దొంగచాటుగా ఇచ్చేవాళ్ళని గుర్తుపట్టడం తేలికే, "లాబీలో ఎవరైనా అడిగితే మా కజిన్స్ అని చెప్పండి" అని ముందే మెసేజ్ పెడతారు. నేత చీర కట్టుకుని చేతిలో ఊరగాయ డబ్బా పట్టుకున్న మీ అత్తగారిని ఆ డోర్‌మ్యాన్ ఏ వరస కజిన్ అనుకోవాలో వాళ్ళే చెప్పాలి.

హడ్సన్ నది దాటి ఇటు న్యూజెర్సీ వైపున్న జెర్సీ సిటీలోనో సెకాకస్‌లోనో కిచెన్ ఉన్న హోటల్ గది తీసుకోండి. జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ దగ్గర గది తీసుకుంటే పాత్ (PATH) అనే లోకల్ రైలెక్కి నేరుగా మన్‌హాటన్ 33వ వీధిలో దిగొచ్చు, సాయంత్రం వెనక్కొచ్చాక న్యూఆర్క్ అవెన్యూలో మన తిండి దొరుకుతుంది, పెద్దవాళ్ళకి అదే సగం ఊరట. జెర్సీ సిటీలో కూడా ప్రైవేటు ఇల్లు తీసుకుంటే పర్మిట్ ఉందో లేదో అడగండి, 2019లో ఓటింగ్ పెట్టి మరీ అక్కడ నియమాలు బిగించారు. మిగతా దేశాల్లోనూ ఇదే వరస. లండన్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా ఏడాదికి 90 రాత్రులకి మించి మొత్తం ఇల్లు అద్దెకివ్వకూడదు, కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2024 మే నుంచి చాలా ఊళ్ళలో సొంతంగా ఉంటున్న ఇంటికే పరిమితం చేసింది. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ఇవ్వకుండా మాట తప్పించేవాళ్ళ ఇంటికి పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి.

ఇక డబ్బు సంగతి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎయిర్‌బీఎన్‌బీ, వర్బో లాంటి అద్దె ఇళ్ళ యాప్‌లో ఇల్లు నచ్చి హోస్ట్‌కి, అంటే ఇల్లిచ్చేవాడికి, మెసేజ్ పెడతారు, అవతలివాడు చాలా మర్యాదగా, "అయ్యో, ఆ డేట్లు ఖాళీగానే ఉన్నాయి కానీ మీకెందుకు సర్వీస్ ఫీజు దండగ, వాట్సాప్‌లోకి రండి, నేరుగా జెల్ చేస్తే 200 తగ్గిస్తా" అంటాడు. ఫోన్‌పే, గూగుల్ పేలతో పెరిగిన ప్రాణం కదా, మనకి అందులో తప్పేమీ కనిపించదు. కానీ జెల్ (Zelle) అంటే అమెరికా బ్యాంకు యాప్‌లలో తెలిసినవాళ్ళకి డబ్బు పంపడానికి పెట్టినది. మీ చేత్తో మీరే పంపిన డబ్బు నిమిషాల్లో అవతలి ఖాతాలో పడిపోతుంది, మోసపోయానని బ్యాంకుకి ఫోన్ చేస్తే మీరే కదండీ పంపారు అంటారు. వైర్ అయినా, గిఫ్ట్ కార్డులైనా అంతే, గోడకు కొట్టిన సున్నమే. యాప్ బయట డబ్బు కట్టిన మరుక్షణం ఆ కంపెనీ ఇచ్చే రక్షణ ఏదీ మీకు వర్తించదు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో మీకసలు బుకింగే లేదు.

దీంట్లోనే ఇంకో రకం ఉంది. "సరే, మీకు నమ్మకం లేకపోతే వెబ్‌సైట్లోనే కట్టండి" అని లింకు పంపుతారు. నొక్కితే అదే రంగు, అదే లోగో, పైన అడ్రసు చూస్తే మాత్రం అసలు పేరు పక్కన ఓ గీతా, ఇంకో రెండు ముక్కలూ తగిలించి ఉంటాయి. ఎవరు పంపిన లింకూ నొక్కకుండా మీ ఫోన్‌లో ఉన్న యాప్ తెరిచి అక్కడే వెతకండి. ఒక్కోసారి హోటల్ వాళ్ళ లాగిన్ దొంగిలించి అసలు యాప్‌లోంచే "మీ కార్డు వెరిఫై కాలేదు, 12 గంటల్లో కట్టకపోతే బుకింగ్ క్యాన్సిల్" అని మెసేజ్ పెడుతున్నారు. అప్పుడు హోటల్‌కి మీరే నంబరు వెతుక్కుని ఫోన్ చేయాలి, మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకి కాదు.

వీలైతే క్రెడిట్ కార్డుతోనే కట్టండి. అమెరికాలో బిల్లులో తేడా ఉంటే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి వివాదం పెట్టే హక్కు చట్టంలోనే ఉంది, డెబిట్ కార్డుకి అంత బలం లేదు. 2025 మే 12 నుంచి అమల్లోకొచ్చిన ఎఫ్‌టీసీ (అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) నియమం వల్ల క్లీనింగ్ ఫీజులాంటివన్నీ కలిపిన మొత్తం రేటు ముందే చూపించాలి, పన్నులు మాత్రం తర్వాత కలపొచ్చు. చివరి పేజీలో కొత్త ఫీజులు మొలుస్తుంటే అనుమానించాల్సిందే.

స్టూడెంట్ల సంగతి వేరేగా చెప్పాలి. ఆగస్టులో దిగేవాళ్ళు హైదరాబాద్‌లో ఉండగానే ఏదో తెలుగు గ్రూపులో "టెంపరరీ అకామడేషన్, క్యాంపస్ పక్కనే, మనవాళ్ళే" అన్న పోస్టు చూసి, పేరు చివర రెడ్డో చౌదరో ఉంటే చాలు, అడ్వాన్స్ పంపేస్తున్నారు. పేరుదేముంది, ఎవరైనా పెట్టుకోవచ్చు. వీడియో కాల్ చేయమనండి, ఫొటోలు కాదు, లైవ్‌లో గదిలోంచి బయటికి నడిచి బిల్డింగ్ గేటు దాకా చూపించమనండి. ఆ గదిలో ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని, లేనివాడికి ఆ రోజే ఫోన్ పాడవుతుంది. ఫొటోల్ని గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, ఇళ్ళు అమ్మే సైట్లలోంచి ఎత్తుకొచ్చినవైతే చాలాసార్లు దొరికిపోతాయి. చాలా యూనివర్సిటీల్లో ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్ళు మొదటి కొన్ని రోజులకి సీనియర్ల ఇళ్ళల్లో చోటు చూస్తారు, ముందు వాళ్ళకి రాయండి.

డల్లాస్‌లో ఉన్న బాబాయ్ తన ఖాతాలో బుక్ చేసి మిమ్మల్ని వెళ్ళి ఉండమనడం ఇంకో మామూలు పద్ధతి. ప్రేమే, కాదనను. కానీ ఎయిర్‌బీఎన్‌బీలో బుక్ చేసినవాళ్ళు కూడా అక్కడ ఉండాలన్నది నియమం, రాత్రి పదకొండింటికి తలుపు కోడ్ పనిచేయకపోతే మీరు ఫోన్ చేసినా మీ పేరు మీద ఏమీ ఉండదు. సొంత ఖాతా తెరిచి, ఐడీ వెరిఫై చేసుకుని, బాబాయ్‌ని డబ్బు సాయం మాత్రం చేయమనండి.

ఇంట్లోకి వెళ్ళగానే సామాన్లు విప్పకముందే ఫోన్ తీసి గది గదికీ వీడియో తీయండి. సోఫా మీద మరకలు, కౌంటర్ మీద గీతలు, బాత్రూమ్ మూలలు అన్నీ రావాలి. వెళ్ళేటప్పుడూ అదే పని. ఎందుకంటే ఎయిర్‌బీఎన్‌బీలో మీరు ఖాళీ చేశాక 14 రోజుల్లోపు హోస్ట్ డ్యామేజీ అడగొచ్చు, ఆ నోటీసుకి జవాబు చెప్పడానికి మీకుండేది 24 గంటలే. మా ఫ్రెండ్స్‌లో ఒక కుటుంబానికి పసుపు మరకలని చెప్పి తెల్ల టవళ్ళకీ, కిచెన్ కౌంటర్‌కీ కలిపి బిల్లు వేశారు, కౌంటర్ మరక మాత్రం వాళ్ళు దిగిన రోజు వీడియోలోనే ఉండటంతో ఆ ముక్క కొట్టేశారు, టవళ్ళకి కట్టక తప్పలేదు. తలకి నూనె రాసుకునేవాళ్ళూ, పోపు పెట్టేవాళ్ళూ ఇంటి నుంచి రెండు పాత టవళ్ళు తెచ్చుకోండి. ఎండుమిర్చి వేయించేముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, స్మోక్ అలారం మోగిందని దానికి ప్లాస్టిక్ కవర్ మాత్రం చుట్టకండి.

అలారం అంటే గుర్తొచ్చింది, కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే విషవాయువు గురించి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. మన ఇళ్ళల్లో సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, అందుకని గ్యాస్ ప్రమాదమంటే ముక్కుకి తెలుస్తుందనే ధీమా. దీనికి వాసన లేదు, రంగు లేదు. సరిగా పనిచేయని హీటరో, ఫైర్‌ప్లేసో, వాటర్ హీటరో చాలు. 2022 అక్టోబరు చివర్లో మెక్సికో సిటీలో ఇలా అద్దెకి తీసుకున్న అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు అమెరికన్ పర్యాటకులు చనిపోయారు. లిస్టింగ్‌లో సీఓ అలారం ఉందని రాశారా చూడండి, ఉన్నా వెళ్ళాక బటన్ నొక్కి పరీక్షించండి, స్మోకీ మౌంటెన్స్‌లో చలికాలం క్యాబిన్ తీసుకునేవాళ్ళయితే బ్యాటరీతో నడిచేది ఒకటి కొనుక్కుని బ్యాగులో వేసుకోండి.

ఆరుగురని బుక్ చేసి పదకొండుమంది దిగడం మన అలవాటు. ఇంటి లోపల కెమెరాలని ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి పూర్తిగా నిషేధించింది కానీ గుమ్మం దగ్గర డోర్‌బెల్ కెమెరా, ముందే చెప్పి పెడితే ఉండొచ్చు. మీ రెండో కారు దిగేది, మూడో ప్రెషర్ కుక్కర్ లోపలికెళ్ళేది వాళ్ళు చక్కగా లెక్కపెట్టుకుంటారు. లోపల కెమెరా కనిపిస్తే ఫొటో తీసి వెంటనే యాప్‌లో చెప్పండి. ఇల్లు ఫొటోల్లా లేకపోయినా, బొద్దింకలున్నా, ఏసీ పనిచేయకపోయినా, సమస్య కనబడిన 72 గంటల్లోపు యాప్ మెసేజ్‌లోనే ఫొటోలతో సహా రాయాలి. ఫోన్లో తిట్టుకున్నది ఎవరికీ కనబడదు. పోనీలే అని సర్దుకుని నాలుగు రోజులుండి వెళ్ళిపోయాక డబ్బు అడిగితే మీ మాట నిలవదు.

చివరగా, కొత్త ఉద్యోగానికి వచ్చినవాళ్ళు నెలకి తీసుకుంటే 30 శాతం తగ్గింపు వస్తోందని అడుగుతుంటారు. ఎయిర్‌బీఎన్‌బీలో 28 రాత్రులు, అంతకు మించిన బుకింగ్‌కి క్యాన్సిలేషన్ నియమాలు వేరు, దిగాక మధ్యలో మానేస్తే మామూలుగా ముందున్న 30 రోజుల డబ్బు వదులుకోవాల్సిందే. ఆఫీసుకి గంటన్నర దూరమని దిగిన రెండో రోజే తెలుస్తుంది, ఎందుకంటే బుక్ చేసేముందు మ్యాప్‌లో సరైన అడ్రసు కాకుండా చాలావరకు ఓ గుండ్రటి గీతే చూపిస్తారు. ముందు వారానికే తీసుకోండి. నచ్చితే అదే యాప్‌లో పొడిగించమని అడగండి, ఖాళీ ఉంటే కాదనే హోస్టులు తక్కువే.