బొమ్మల కార్డులు ఇస్తే బాబుకి మాటలు రావా?

మూడేళ్ల బాబుకి ఆటిజం అన్నారు, కార్డులిస్తే వాటికే అలవాటుపడి మాట్లాడడేమో అని కావలి నుంచి ఒకమ్మ అడిగారు.

అలా ఏం కాదండీ. కార్డులు మాటకి అడ్డం రావని పరిశోధనలు చెబుతున్నాయి. కొందరికి మాటలు పెరుగుతాయి కూడా. బొమ్మల కార్డులిచ్చి కావాల్సింది అడగడం నేర్పే పద్ధతిని పెక్స్ అంటారు, 1985లో అమెరికాలో మొదలైంది. అందులో తొలి పాఠం ఒక్కటే: బొమ్మ కార్డు ఎదుటివాళ్ల చేతికిస్తే అందులోని వస్తువు దొరుకుతుంది.

మా మేనల్లుడికి మలైకాజాతో మొదలుపెట్టాం. వెనక బావ నోరు మెదపకుండా వాడి చెయ్యి పట్టి కార్డు అందించేవాడు. ఎదురుగా అక్క అందుకుని ‘కాజా!’ అని చిన్న ముక్క ఇచ్చేది. ‘ఏంటిది, చెప్పు చెప్పు’ అని వేధించేది కాదు. మా అమ్మ మాత్రం అడక్కుండానే మొత్తం పెట్టేసేది, అసలు చిక్కు అదే!

ముందు వినికిడి పరీక్ష చేయించారా? చేయించకపోతే రేపే వెళ్లండి.