ఆర్వీ సోలార్‌కి చలి లెక్క

అమెరికా వచ్చి నాలుగైదేళ్లయ్యాక మనవాళ్లలో చాలామందికి ఆర్వీ, అంటే చక్రాల మీద ఇల్లు లాంటి బండి, దాని పిచ్చి పట్టుకుంటుంది. పిల్లల్ని వేసుకుని నేషనల్ పార్కులన్నీ తిరగాలి, హోటల్ బుకింగుల గొడవ ఉండకూడదు అనుకుని ఒక పాత ట్రైలర్ కొనేస్తారు, ఆ తర్వాత కరెంటు లేని క్యాంపులో రెండు రాత్రులు గడిపాక పైకప్పు మీద సోలార్ పెట్టుకుంటే బాగుండు అనిపిస్తుంది, అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, నాలుగు ప్యానెళ్లు తెచ్చాను, కంట్రోలర్ మీద 100/30 అని ఉంది, సిరీస్‌లో కలపాలా పారలల్‌లో కలపాలా?" ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

ముందు ఆ 100/30 సంగతి. కంట్రోలర్ అంటే ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటుతో బ్యాటరీని సరిగ్గా నింపే డబ్బా. 100 అంటే ప్యానెళ్ల వైపు నుంచి కంట్రోలర్ తట్టుకోగల వోల్టులు. 30 అంటే బ్యాటరీ వైపు అది ఇవ్వగల ఆంపులు. రెండూ పక్కపక్కన ఉన్నాయి కదా అని ఒకే రకం హద్దులు అనుకోకండి. మంచి ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీకి తగ్గట్టు మార్చే రకం) అయితే 30 దాటేంత ప్యానెళ్లు పెట్టినా అది 30 మాత్రమే ఇస్తుంది, మిగతాది తీసుకోదు, మీకు పోయేది కొంచెం ఎండ. 100 దాటితే మాత్రం లోపలి భాగాలు కాలిపోవచ్చు, అది కూడా ఒక్క క్షణం దాటితే చాలు, పైగా ఆ రకం దెబ్బకి వారంటీ మామూలుగా వర్తించదు. కాబట్టి ఆంపుల దగ్గర కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు, వోల్టుల దగ్గర అస్సలు వద్దు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా మొదటి సెట్టులో 100 వాట్ల ప్యానెళ్లు నాలుగు, ఒక్కోదాని వెనక వీఓసీ 24.3 అని ఉంది. వీఓసీ అంటే ఏ లోడూ లేనప్పుడు ప్యానెల్ చూపించే వోల్టేజి. నాలుగూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి గొలుసులా పెడితే 97.2. "వంద లోపే కదా సార్, ఢోకా లేదు" అన్నాడు అమ్మినతను, నేనూ తలూపాను. జూన్ నుంచి అక్టోబరు దాకా బ్రహ్మాండంగా నడిచింది. నవంబరులో ఒక కొండ మీద క్యాంపు చేశాం, రాత్రి బాగా మంచు పట్టింది, పొద్దున్నే ఎండ పైకప్పు మీద పడిన కాసేపటికి కంట్రోలర్ లైట్లు ఆరిపోయాయి. మళ్లీ వెలగలేదు. రెండు రోజుల టూరు కాబట్టి సరిపోయింది గానీ ఆ రాత్రి హీటర్ ఫ్యాన్ తిరగక పిల్లలతో పడిన పాట్లు ఇప్పటికీ మా ఆవిడ గుర్తు చేస్తుంటుంది.

మనకు చిన్నప్పటి నుంచి ఎండ అంటే వేడే. ఎంత మండితే సోలార్‌కి అంత మంచిది అనుకుంటాం. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి దానికి పడదు. సిలికాన్ చల్లబడే కొద్దీ వోల్టేజి పెరుగుతుంది, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి ఇంచుమించు 0.3 శాతం. ప్యానెల్ వెనక రాసే అంకెలన్నీ 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఎండాకాలంలో ప్యానెల్ 60 డిగ్రీలకు వేడెక్కితే నా 97 కాస్తా 87కి దిగిపోయింది, అందుకే ఐదు నెలలు ఏ గొడవా లేదు. అదే మైనస్ 10లో 35 డిగ్రీల తేడా, అంటే పదిన్నర శాతం ఎక్కువ, దాదాపు 107. ఇంకో సంగతేమిటంటే వోల్టేజి రావడానికి నడినెత్తిన ఎండ అక్కర్లేదు, పొద్దుటి లేత వెలుగుకే చాలా వరకు వచ్చేస్తుంది. ప్యానెల్ ఇంకా గడ్డకట్టి ఉంటుంది, వెలుతురు వచ్చేస్తుంది, ప్రమాదం సరిగ్గా ఆ టైములోనే.

కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు. ఇక్కడ ఫోన్లో వాతావరణం ఫారెన్‌హీట్‌లో చూపిస్తుంది, ప్యానెల్ షీట్, అంటే దాని వివరాల కాగితం, సెల్సియస్‌లో ఉంటుంది. "14 డిగ్రీలేగా, మన దగ్గర చలికాలం పొద్దున లాంటిదే" అనుకుంటే అయిపోయినట్టే, ఆ 14 అంటే మైనస్ 10. మీరు వెళ్లే చోట్లన్నింటిలో అతి చల్లటి రోజు ఏదో చూసి దాంతో లెక్క వేయండి, ఊళ్లో మీ ఇంటి దగ్గరి చలితో కాదు, ఎందుకంటే ఆర్వీకి చక్రాలున్నాయి. షీట్ దొరకకపోతే అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 690.7లో ఒక పట్టిక ఉంది, మైనస్ 10కి వీఓసీని 1.14తో, మైనస్ 20కి 1.18తో, మైనస్ 40కి 1.25తో గుణించమంటుంది. నేనైతే షీట్ ఉన్నా ఈ పట్టికే వాడతాను, నా 97.2 దీని ప్రకారం దాదాపు 111. కంట్రోలర్ ఎందుకు పోయిందో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

సరే, మరి ఎలా కలపాలి? సిరీస్‌లో వోల్టులు కూడుతాయి, ఆంపులు ఒక ప్యానెల్‌వే ఉంటాయి. పారలల్‌లో ఆంపులు కూడుతాయి, వోల్టులు ఒక ప్యానెల్‌వే. భయపడి నాలుగూ పారలల్‌లో పెట్టేస్తే 24 వోల్టులు, 20 ఆంపుల పైన. కంట్రోలర్ క్షేమమే గానీ తీగ లావుగా కావాలి, తీగలో వృథా ఎక్కువ, పైగా పారలల్‌లో రెండు వరసలు దాటితే ఒక్కోదానికి ఫ్యూజు పెట్టాలి, ఎందుకంటే ఒక ప్యానెల్ షార్ట్ అయితే మిగతావన్నీ కలిసి దానిలోకే కరెంటు తోస్తాయి. ఎంత ఫ్యూజో ప్యానెల్ వెనకే రాసి ఉంటుంది. నేను ఇప్పుడు రెండేసి సిరీస్, ఆ రెండు జతలు పారలల్ పెట్టాను. 48.6 వోల్టులు, చలికి 1.14తో గుణించినా 55 చిల్లరే. తీగలో పది ఆంపులే, అన్నీ పారలల్ పెట్టినదానిలో సగం, కరెంటు సగమైతే తీగలో వృథా నాలుగో వంతుకి పడిపోతుంది. నాలుగు వందల వాట్లు 14 వోల్టుల బ్యాటరీలోకి వెళ్తే దాదాపు 29 ఆంపులు, 30 లోపే. ఏసీ డబ్బా నీడ ఒక జత మీద పడినా రెండో జత తన పని తాను చేసుకుంటుంది, నాలుగూ ఒకే వరసలో ఉన్నప్పుడు ఆ సుఖం లేదు.

చవకగా వస్తున్నాయని ఇళ్ల మీద పెట్టే 400 వాట్ల పెద్ద ప్యానెళ్లు తెచ్చేవాళ్లున్నారు. వాటి వీఓసీ సుమారు 37 ఉంటుంది. రెండు సిరీస్ అంటే 74, చలిలో 84, పరవాలేదు. మూడో దాన్ని తగిలిస్తే 111, దానికి చలి కూడా అక్కర్లేదు. ఇక రెండింటి 800 వాట్లు 12 వోల్టుల బ్యాటరీకి 30 ఆంపుల కంట్రోలర్‌తో ఇవ్వలేరు, 14.4 వోల్టుల దగ్గర 432 వాట్లతో సరి. అంత పెట్టాలంటే 60 ఆంపులది చూడండి. పీడబ్ల్యూఎం అని రాసి ఉన్న చవక కంట్రోలర్‌కి మాత్రం ఈ పెద్ద ప్యానెళ్లు కలపొద్దు, అది ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది, సగానికి పైగా పోతుంది.

కలిపే రోజు ముందుగా బ్యాటరీని కంట్రోలర్‌కి తగిలించండి, ప్యానెళ్లు చివర. విప్పేటప్పుడు తిరగేసి, ప్యానెళ్లు ముందు. కరెంటు పారుతుండగా ప్యానెల్ తీగల కొసన ఉండే ఎంసీ4 కనెక్టర్ లాగితే డీసీ నిప్పురవ్వ అంత త్వరగా ఆరదు, దుప్పటి కప్పో స్విచ్ కట్టేసో అప్పుడు విప్పండి. ప్యానెళ్ల తీగలు కంట్రోలర్‌లో పెట్టే ముందు మల్టీమీటర్ డీసీ మీద పెట్టి ఆ రెండు కొసల మధ్య కొలవండి, ఎర్రది ప్లస్ మీదే ఉందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. మీరు లెక్కేసిన దానికి దగ్గరగా రాకుండా రెండింతలు చూపిస్తే ఎక్కడో పారలల్ అనుకున్నది సిరీస్ అయి కూర్చుంది, నిచ్చెన మళ్లీ ఎక్కాల్సిందే.