కోడి కాళ్లకు కుట్లు వేస్తే ప్లాస్టిక్ సర్జన్ అవుతారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి కాకినాడలో హౌస్ సర్జన్. ప్లాస్టిక్ సర్జరీ చేస్తానంటోంది. ఇంటికొస్తే చాలు, కోడి కాళ్లు తెప్పించి కుట్లు వేస్తూ కూర్చుంటోంది. వాళ్ల నాన్నమ్మ ఒకటే గోల. ఇది పనికొచ్చేదేనా? డబ్బు కట్టి ఏదైనా వర్క్‌షాప్‌కి పంపమంటారా?

జవాబు: పనికొచ్చేదేనండి. మైక్రోసర్జరీ, అంటే మైక్రోస్కోప్ కింద సన్నటి నాళాలు కలిపే ఆపరేషన్లు, నేర్చుకునే డాక్టర్లు చాలా దేశాల్లో కోడి తొడతోనే మొదలుపెడతారు. తొడ ఎముక వెంబడే వెళ్లే రక్తనాళం ఒకటి రెండు మిల్లీమీటర్ల లావుంటుంది. పీచు మిల్లులో వేలు తెగినవాళ్లకు తిరిగి అతికించేటప్పుడు కలపాల్సిన నాళాలూ ఇంచుమించు అంత సన్నవే. కోడి నాళాన్ని కోసి, మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నటి నైలాన్ దారంతో మళ్లీ కలిపి, లోపలికి రంగునీళ్లు ఎక్కించి ఎక్కడైనా కారుతోందేమో చూస్తారు.

ఇంట్లో అంత అక్కర్లేదు. స్కిన్‌లెస్ కాకుండా చర్మంతోనే ఇమ్మని షాపులో చెప్పండి. ఆ చర్మం మీద మామూలు కుట్లు, జెడ్-ప్లాస్టీ (జెడ్ అక్షరం ఆకారంలో కోసి చర్మం అటూఇటూ మార్చి కుట్టడం) లాంటి కోతలు వేసి చూడొచ్చు. పాయ కోసం కొనే మేక కాళ్లలో టెండన్లు (కండను ఎముకకు కలిపే గట్టి తాళ్లు) దొరుకుతాయి. మనిషి చర్మానికి ఇంకా దగ్గరిది పంది చర్మం. అది తెస్తే నాన్నమ్మగారు ఇంట్లో ఉండనిస్తారా, మీకే తెలియాలి!

అయితే చచ్చిన మాంసంలో రక్తం కారదు. కుట్టు మరీ బిగించినా చర్మం నల్లబడదు కాబట్టి తప్పు తప్పుగా కనపడదు. అందుకే తను వేసిన కుట్లు ఫొటో తీసి సీనియర్లకు చూపించాలి. వర్క్‌షాప్ డబ్బు ఇప్పుడు దండగ. సూది పట్టుకునే మంచి నీడిల్ హోల్డర్ ఒకటి కొనివ్వండి, చాలు.

అసలు టెన్షన్ పడాల్సింది పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ పరీక్ష గురించి. ఎంఎస్ జనరల్ సర్జరీ 3 ఏళ్లు, తర్వాత సూపర్ స్పెషాలిటీ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ డిగ్రీ ఇంకో 3 ఏళ్లు. ఎంబీబీఎస్ మీదే 6 ఏళ్ల ప్లాస్టిక్ సర్జరీ కోర్సు డీఆర్‌ఎన్‌బీ కూడా ఉంది, దానికీ ర్యాంకు కావాలి. కుట్లకు వారంలో ఒక పూట ఇచ్చి, మిగతా టైమంతా చదువుకోమనండి.

నాన్నమ్మగారి గోలలో న్యాయం ఉంది. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. పని వంటింట్లో కాకుండా పెరట్లో, వేరే పలక మీద చేయాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కుట్లు వేసిన ముక్క కూరకు వాడొద్దు, కుక్కలకూ వేయొద్దు. విరిగిన సూది లోపల ఉండిపోవచ్చు. వాడిన సూదులు గట్టి సీసాలో వేసి, ఆస్పత్రికి తీసుకెళ్లి అక్కడి డబ్బాలో పడేయమనండి.