పిక్సెల్ లైట్లు మొరాయిస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో (ఇక్కడ క్లుప్తంగా ‘పై’) పిక్సెల్ లైట్లు, అంటే ఒక్కో దీపం రంగునూ విడిగా మార్చగలిగే ఎల్ఈడీ స్ట్రిప్పులు, నడిపేవాళ్లవే. ఎక్కువమంది ప్రోగ్రామ్‌లో తప్పు వెతికి వెతికి విసిగిపోయి రాశారు. చదువుతుంటే తప్పు వైర్లలోనే కనిపిస్తోంది. కోడ్ తెరవకముందే మల్టీమీటర్ చేతిలోకి తీసుకోండి. అది చెప్పేది విన్నాకే మిగతావి.

ప్రశ్న: పై 4 బోర్డుకు 60 పిక్సెళ్ల డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్పు కలిపాను. స్ట్రిప్పుకు విడిగా 5 వోల్టుల సప్లై ఉంది. డేటా వైరు బోర్డు మీది జీపీఐఓ 18 పిన్ను నుంచి నేరుగా వెళ్తుంది. వెలుతురు బాగా పెంచితే సరిగ్గా ఉంటుంది, తగ్గిస్తే మాత్రం ఏవేవో రంగులు మినుకుమంటాయి. వైరు ముట్టుకుంటే ఆ తీరు మారుతుంది. లైట్లు నడిపే లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) మార్చినా లాభం లేదు.

జవాబు: వెలుతురు తగ్గించినప్పుడే గొడవ వస్తోందని రాశారు చూడండి, అసలు గుట్టు అక్కడే ఉంది. ప్రతి పిక్సెల్‌లో ఉండే డబ్ల్యూఎస్2812బి చిప్పు డేటా వైరు మీద ‘ఒకటి’ వచ్చిందని గుర్తించాలంటే ఆ వోల్టేజీ, చిప్పుకు అందుతున్న సప్లైలో కనీసం 0.7 వంతు ఉండాలి. సప్లై 5 వోల్టులైతే ఆ హద్దు 3.5. పై బోర్డు పిన్ను ఇచ్చేది 3.3 మాత్రమే. అంటే మీ స్ట్రిప్పు మొదటినుంచీ హద్దుకు దిగువనే, చిప్పు ఓర్చుకున్నంతసేపు నడుస్తోంది. పూర్తి వెలుతురులో స్ట్రిప్పు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి మొదటి పిక్సెల్ దగ్గర సప్లై 4.6 వోల్టులకు పడిందనుకోండి, హద్దు కూడా 3.22కు దిగుతుంది, 3.3 గట్టెక్కుతుంది. వెలుతురు తగ్గించగానే సప్లై మళ్లీ 5.1కి లేస్తుంది, హద్దు 3.57 అవుతుంది. ఇక మినుకుమనడమే. ఏ లైబ్రరీ మార్చినా ఈ లెక్క మారదు.

వైరు ముట్టుకుంటే తీరు మారడం గ్రౌండ్‌ (సప్లై మైనస్ వైపు) మీద అనుమానం కలిగిస్తోంది. ముందు అది తేల్చుకోండి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబును పై బోర్డు 6వ పిన్ను మీద, ఎర్ర ప్రోబును మొదటి పిక్సెల్ గ్రౌండ్ ప్యాడ్ మీద ఆనించండి. లైట్లు పూర్తిగా వెలుగుతుండగా చూడాలి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. 0.3 దాటితే గ్రౌండ్ వైరు సన్నగా ఉందనో, ఎక్కడో వదులుగా ఉందనో అర్థం. అంకె నిలకడ లేకుండా ఊగుతుంటే పై బోర్డు గ్రౌండూ స్ట్రిప్పు గ్రౌండూ అసలు కలవలేదన్నమాట. డేటా వైరు పక్కనే, దానితో మెలిపెట్టి, ఒక గ్రౌండ్ వైరు తప్పకుండా నడపండి.

ఆ తరవాత లెవెల్ షిఫ్టర్, అంటే 3.3 వోల్టుల సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే చిప్పు. 74ఏహెచ్‌సీటీ125 చిప్పు తీసుకోండి. 14వ కాలుకు 5 వోల్టులు, 7వ కాలుకు గ్రౌండ్. 1వ కాలును కూడా గ్రౌండ్‌కే కలపాలి, అది కలపకపోతే ఆ ద్వారం తెరుచుకోదు. పై బోర్డు నుంచి వచ్చే డేటా 2వ కాలుకు ఇస్తే 3వ కాలు నుంచి 5 వోల్టుల సిగ్నల్ వస్తుంది. వాడని ఇన్‌పుట్లు, అంటే 4, 5, 9, 10, 12, 13 కాళ్లను గాలికి వదలకుండా గ్రౌండ్‌కు కలపండి. 14, 7 కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెట్టండి. కొనేటప్పుడు పేరులోని ‘టీ’ అక్షరం చూసుకోవాలి. 74హెచ్‌సీ125 అని టీ లేకుండా ఉండే చిప్పుకూ దాదాపు 3.5 వోల్టుల హద్దే ఉంటుంది, దానివల్ల ప్రయోజనం లేదు. టీ ఉన్న రకానికి 2 వోల్టులు చాలు.

బీఎస్ఎస్138 మాస్‌ఫెట్‌తో చేసిన రెండువైపులా వోల్టేజీ మార్చే కన్వర్టర్ బోర్డులు చాలామంది దగ్గర ఉంటాయి. వాటిని ఈ పనికి వాడొద్దు. ఇక్కడ ఒక్కో బిట్టుకు దొరికే సమయం 1.25 మైక్రోసెకన్లు. అందులో సిగ్నల్ సుమారు 0.4 మైక్రోసెకన్లు పైన ఉంటే సున్నా, 0.8 ఉంటే ఒకటి. ఆ బోర్డుల్లో వోల్టేజీ 10 కిలోఓముల రెసిస్టర్ గుండా నిదానంగా ఎక్కుతుంది కనక సున్నాకూ ఒకటికీ ఉన్న తేడా చెరిగిపోతుంది.

చిప్పు దొరికేదాకా ఒక ఉపాయం ఉంది. ఒకే ఒక్క పిక్సెల్‌ను కత్తిరించి, దాని 5 వోల్టుల వైరులో 1ఎన్4001 డయోడ్ పెట్టి, పై బోర్డుకూ స్ట్రిప్పుకూ మధ్య చేర్చండి. దానికి 4.3 వోల్టులే అందుతాయి, హద్దు 3కు దిగుతుంది. అది తిరిగి పంపే 4.3 వోల్టుల సిగ్నల్ అసలు స్ట్రిప్పుకు సరిపోతుంది. ప్రోగ్రామ్‌లో పిక్సెళ్ల సంఖ్య ఒకటి పెంచి, మొదటిదాన్ని ఎప్పుడూ ఆర్పి ఉంచితే సరి. డేటా వైరులో, మొదటి పిక్సెల్‌కు దగ్గరగా, 330 ఓముల రెసిస్టర్ మాత్రం ఏ పద్ధతిలోనైనా ఉండాల్సిందే.

ప్రశ్న: మీటరుకు 60 చొప్పున 5 మీటర్లు, మొత్తం 300 పిక్సెళ్లు. 5 వోల్టుల 10 ఆంపియర్ల సప్లైని ఒక చివర ఇచ్చాను. తెలుపు పెడితే రెండో చివర ఎర్రగా కనిపిస్తోంది. అదే సప్లైతో నడిచే పై బోర్డు కూడా అప్పుడప్పుడూ రీస్టార్ట్ అవుతోంది.

జవాబు: ఒక్కో పిక్సెల్ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుందని లెక్క వేసుకోవాలి. 300కు 18 ఆంపియర్లు. మీ సప్లై దాంట్లో సగం మాటే. పెద్ద సప్లై కొనే ఉద్దేశం లేకపోతే ప్రోగ్రామ్‌లో వెలుతురు హద్దును 255కు బదులు 100 దగ్గర ఆపండి, 7 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఎక్కువ అలంకరణలకు ఆ వెలుతురు ధారాళంగా సరిపోతుంది. పూర్తి తెలుపు కావాల్సిందే అంటే 25 ఆంపియర్ల సప్లై పెట్టండి.

ఎరుపు ఎందుకంటే, ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు, ఆకుపచ్చకూ నీలానికీ 3 వోల్టులు, అంతకు కాస్త పైన కావాలి. స్ట్రిప్పులోని రాగి రేకు పలుచన కాబట్టి ముందుకు పోయేకొద్దీ వోల్టేజీ తరుగుతుంది. ముందు నీలం, ఆకుపచ్చ డీలాపడతాయి, ఎరుపు మిగులుతుంది. పూర్తి తెలుపు వెలుగుతుండగా చివరి పిక్సెల్ దగ్గర కొలవండి. 4.5 వోల్టుల కన్నా తక్కువుంటే మధ్యలో కూడా కరెంటు అందించాలి.

మీ స్ట్రిప్పుకు మూడుచోట్ల ఇవ్వండి: మొదట, 150వ పిక్సెల్ దగ్గర, చివర. ప్లస్సూ గ్రౌండూ రెండూ ఇవ్వాలి. ప్లస్సు ఒక్కటే ఇచ్చి గ్రౌండ్ మర్చిపోయేవాళ్లు తక్కువేం కాదు. పూర్తి తెలుపులో మధ్య వైరు 9 ఆంపియర్లు, చివరి రెండూ చెరో 4.5 మోస్తాయి. వైరు మందం ఇక్కడ చాలా ముఖ్యం. సప్లై నుంచి 2 మీటర్ల దూరమైతే, వెళ్లడం రావడం కలిపి 4 మీటర్ల రాగి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరులో 9 ఆంపియర్లకు 0.8 వోల్టు అక్కడే పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 0.4 పోతుంది. సప్లైని స్ట్రిప్పుకు దగ్గరగా పెట్టగలిగితే అన్నిటికన్నా మేలు. ప్రతి ప్లస్సు వైరులో సప్లై దగ్గరే ఫ్యూజు ఉండాలి: మధ్యదానికి 15 ఆంపియర్లు, చివరివాటికి 7.5. ఇది దయచేసి వాయిదా వేయకండి. 5 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అనుకుంటారు. షార్టయితే 25 ఆంపియర్లూ సన్నటి వైరులోంచి పోయి ప్లాస్టిక్కు అంటుకుంటుంది.

ఒకటికి బదులు రెండు సప్లైలు వాడితే, రెండు భాగాల మధ్య ప్లస్సు రేకు తెంచేయండి. గ్రౌండ్, డేటా మాత్రం కలిసే ఉండాలి. మొదటి పిక్సెల్ దగ్గర ప్లస్సుకూ గ్రౌండ్‌కూ మధ్య 1000 మైక్రోఫారడ్, 6.3 వోల్టులు లేదా అంతకు పైబడిన కెపాసిటర్ వేయండి. దానికి ధ్రువాలున్నాయి, గీత ఉన్న కాలు గ్రౌండ్‌కు.

పై బోర్డుకు దాని అడాప్టర్ దానికే ఉండనివ్వండి, గ్రౌండ్ ఒక్కటి కలిపితే చాలు. వోల్టేజీ పడిందో లేదో టెర్మినల్‌లో ‘వీసీజెన్‌సీఎండీ గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్’ ఆదేశంతో తెలుస్తుంది. జవాబు 0ఎక్స్0 అయితే ఇబ్బంది లేదు. 0ఎక్స్50000 వస్తే ఇప్పుడు బాగానే ఉన్నా, బోర్డు ఆన్ చేశాక ఎప్పుడో వోల్టేజీ పడి వేగం తగ్గిందని అర్థం.

ప్రశ్న: ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తోంది. పాట మొదలెడితే లైట్లన్నీ పిచ్చిగా మెరుస్తున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు విషయాలు. డబ్ల్యూఎస్2812బి రంగుల వరస ఆకుపచ్చ, ఎరుపు, నీలం. లైబ్రరీలో జీఆర్‌బీ అని మార్చండి. డబ్ల్యూఎస్2811 దండలు చాలావరకు ఆర్‌జీబీ వరసలో ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రంగు తారుమారవుతుంటే మీది తెల్ల ఎల్ఈడీ అదనంగా ఉన్న రకం. దానికి 24 బిట్లు కాదు, 32 పంపాలి.

ఇక పాట సంగతి. పై 4 వరకూ ఇయర్‌ఫోన్ జాక్ శబ్దమూ జీపీఐఓ 18 డేటా కూడా బోర్డులోని పీడబ్ల్యూఎమ్ (పల్సుల వెడల్పు మార్చే భాగం) మీదే ఆధారపడతాయి, అందుకే రెండూ కలిసి నడవవు. కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో డీటీపారమ్ ఆడియోను ఆఫ్ చేసి, శబ్దాన్ని యూఎస్‌బీ సౌండ్ కార్డుకు మార్చండి.

ప్రశ్న: 36 పిక్సెళ్లు వెలుగుతాయి, 37 నుంచి చీకటి. 37 మాడిపోయినట్టేనా?

జవాబు: 36 కూడా కావచ్చు. ప్రతి పిక్సెల్ తన 24 బిట్లు తీసుకుని మిగతావి ముందుకు తోస్తుంది. 36 తాను వెలుగుతూనే తోయలేని స్థితిలో ఉండొచ్చు. సప్లై ఆపి, 36 డేటా ఇన్‌పుట్ నుంచి 37 ఇన్‌పుట్‌కు చిన్న వైరు తగిలించి, మళ్లీ ఆన్ చేయండి. 37, దాని తరవాతివి వెలిగితే 36 అవుట్‌పుటో, మధ్య టంకమో పోయింది. ఇంకా చీకటే అయితే అదే వైరు రెండో కొసను 38 ఇన్‌పుట్‌కు జరపండి. అప్పుడు వెలిగితే 37 మార్చాలి.

మార్చేటప్పుడు రాగి ప్యాడ్ల సరిగ్గా మధ్య గీత మీదే కత్తిరించాలి, అప్పుడే రెండు వైపులా సగం ప్యాడ్ మిగులుతుంది. సిలికాన్ పూత ఉంటే బ్లేడుతో పూర్తిగా గీకి, రాగి మెరిసేదాకా శుభ్రం చేయండి. ముందు ప్యాడ్ల మీద, కొత్త ముక్క మీద విడివిడిగా టంకం పట్టించి, ఆపైన రెండూ ఆనించి వేడిచేయండి. ఒక్కో ప్యాడ్ మీద సోల్డరింగ్ ఐరన్ మొన రెండు మూడు సెకన్లకు మించి ఉంచితే రాగి లేచిపోతుంది. బాణం గుర్తు పాత స్ట్రిప్పు దిశలోనే ఉందో లేదో చూసుకోండి. తిరగేసి అతికిస్తే అక్కడితో డేటా ఆగిపోతుంది.

ప్రశ్న: పై 3లో లైట్ల ప్రోగ్రామ్ నడిపాక మెమరీ కార్డు ఫైళ్లు పాడయ్యాయి. లైట్లకూ కార్డుకూ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. ప్రోగ్రామ్‌లో డీఎమ్ఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీ నుంచి డేటా పంపే దారి) ఛానల్ 5 అని ఉంటే వెంటనే 10 చేయండి. పై 3లో 5ను వాడితే ఫైల్ వ్యవస్థ చెడిపోతుందని ఆ లైబ్రరీ తయారుచేసినవాళ్లే హెచ్చరించారు. పాత ఉదాహరణల్లోంచి ఆ అంకె ఇప్పటికీ పాకుతోంది.

ప్రశ్న: పై 4 నుంచి పై 5కి మారాను. అదే ప్రోగ్రామ్ ‘కోడ్ మైనస్ 3’ అంటూ ఆగిపోతోంది.

జవాబు: ఈ హార్డ్‌వేర్ నాకు తెలియదని లైబ్రరీ చెప్పడం అది. పై 5లో జీపీఐఓ పిన్నులను ఆర్‌పీ1 అనే వేరే చిప్పు నడుపుతుంది కనక పాత పద్ధతి నేరుగా పనిచేయదు. రెండు దారులున్నాయి. ఆర్‌పీ1లోని పీఐఓను (పిన్నులను సొంతంగా నడిపే భాగం) వాడే, పై 5 కోసమే రాసిన నియోపిక్సెల్ (ఇలాంటి లైట్లకు వాడుక పేరు) లైబ్రరీ వేసుకోవచ్చు. లేదా డేటా వైరును 19వ పిన్నుకు, అంటే జీపీఐఓ 10కి మార్చి, బిట్లను వరసగా పంపే, పై 5కు సరిపోయే ఎస్‌పీఐ లైబ్రరీతో నడపొచ్చు. ఎస్‌పీఐలో ఒక్కో పిక్సెల్ 24 బిట్లు మూడింతలై 9 బైట్లవుతాయి. మామూలు బఫర్ (పంపేముందు డేటా నిలిచే చోటు) 4096 బైట్లు కాబట్టి 450 పిక్సెళ్లు దాటితే చివరివి వెలగవు. అప్పుడు సీఎమ్‌డీలైన్ డాట్ టీఎక్స్‌టీలో ఎస్‌పీఐడెవ్ బఫర్ సైజును 32768 చేసి బోర్డును రీస్టార్ట్ చేయండి. ఆ ఫైల్లో అంతా ఒకే వరసలో ఉండాలి, ఖాళీ వదిలి చివర చేర్చండి, కొత్త వరస మొదలుపెట్టకండి.