గుంటలు, కయ్యలు ఇప్పుడే కొడుకు పేరున రాసివ్వాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 61 ఏళ్లు. 1991లో ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు నా భాగానికి వచ్చిన 3 ఎకరాల కయ్యలు (వరి మళ్లు), నేను కొన్న 4 ఎకరాల రొయ్యల గుంటలు, కావలిలో నేను కట్టిన ఇల్లు, బ్యాంకులో 18 లక్షల డిపాజిట్లు ఉన్నాయి. డిపాజిట్లకు అబ్బాయే నామినీ, గుంటలూ వాడే చూస్తాడు. అమ్మాయిని ఒంగోలు ఇచ్చాం. మా అమ్మ, నా భార్య నా దగ్గరే ఉంటారు. భూమంతా ఇప్పుడే అబ్బాయికి గిఫ్టు రిజిస్టర్ చేసేయమని బంధువులంటున్నారు. చేసేదా?

జవాబు: ఇప్పుడు వద్దండీ. గుంటలు, ఇల్లు మీ స్వార్జితం కాబట్టి ఎవరికైనా ఇవ్వొచ్చు. కయ్యల సంగతి వేరు, ముందు అది తేల్చుకోవాలి. మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందన్న లెక్కన చెబుతున్నాను.

తాతల నాటి భూమి అయినంత మాత్రాన పిల్లలకు పుట్టుకతో హక్కు రాదు. మీ నాన్నగారు స్వార్జితం వదిలి పోతే వారసుడిగా మీకు వచ్చిన వాటా మీ సొంతమే అయ్యేది. మీకేమో ఉమ్మడి ఆస్తి పంపకంలో వచ్చింది. అలాంటి భూమిలో పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది కాబట్టి మీకు, అబ్బాయికి, అమ్మాయికి తలా మూడో వంతు, అంటే ఒక్కో ఎకరం. 2005 సవరణ, 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అమ్మాయికి పెళ్లయిందన్నది అడ్డం కాదు. పంచుకోకముందు మిగతా వాటాదారుల ఒప్పుదల లేకుండా మీ వంతు కూడా గిఫ్టు ఇస్తే చెల్లదు. మీ ఎకరాన్ని వీలునామాలో మాత్రం రాయొచ్చు. కయ్యలన్నీ అబ్బాయికే దక్కాలని ఇంటిల్లిపాదీ కోరుకుంటే, అమ్మాయి తన హక్కు వదులుకుంటూ రిజిస్టర్డు దస్తావేజు రాయాలి. 'పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం' అని తెల్లకాగితం మీద పెట్టించుకున్న సంతకం మీద ఆధారపడకండి. ఇలాంటి కాగితాల దగ్గరే ఎక్కువ కుటుంబాలు కోర్టు మెట్లెక్కుతాయి.

ఇక గుంటలు. గిఫ్టు రిజిస్టరై, అబ్బాయి స్వీకరించాక మీరు మనసు మార్చుకున్నా వెనక్కి రాదు. రొయ్యల్లో రెండు పంటలు వైరస్‌కు పోతే అప్పులవాళ్లు వాడి పేరున ఉన్న ఆస్తి మీదికే వస్తారు. అప్పుడు మీ ఇద్దరికీ, అమ్మగారికీ ఆధారం ఏది? ఎప్పుడైనా ఇవ్వక తప్పకపోతే, మిమ్మల్ని పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టి ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. షరతు మాట కాగితం మీద లేకపోతే కేసు బలహీనపడుతుంది.

వీలునామా అయితే మీరున్నంత కాలం అన్నీ మీవే, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అసలు ఏమీ రాయకుండా పోతే మీ అమ్మగారు, భార్య, కొడుకు, కూతురు నలుగురికీ సమాన వాటాలు. ఆ తర్వాత అమ్మగారు పోతే ఆమె వాటా కోసం మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వస్తారు. మీ గుంటల్లో వాళ్లు భాగస్తులవుతారని చాలామందికి తట్టదు.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి, మీ ఎదుట వాళ్లూ పెట్టాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, అనుమానాలకు తావిస్తుంది. మీకంటే చిన్నవాళ్లను ఎంచుకోండి. రేపు కోర్టులో నిరూపించాల్సి వస్తే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేయించమనే నా సలహా. భూములకు పాత సర్వే నంబరుతో పాటు, మీ ఊళ్లో రీసర్వే అయి ఉంటే కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరూ రాయండి. అంతకుముందు రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్ తీసి పేరు, విస్తీర్ణం దస్తావేజుతో సరిపోతున్నాయో చూసుకోండి. తేడా ఉంటే మీరుండగానే సరిచేయించడం తేలిక. ఇంట్లో ఉండే హక్కు, గుంటల మీద వచ్చేదాంట్లో కొంత మీ భార్యకు జీవితాంతం చెందాలని విడిగా ఒక పేరా రాయండి. అమ్మగారి పోషణ ఎవరిదో కూడా రాయాలి.

డిపాజిట్ల విషయంలో చిన్న దిద్దుబాటు చాలు. నామినీ డబ్బు అందుకునేవాడు మాత్రమే, యజమాని కాడు. ఆ సొమ్ము వారసులందరిదీ, లేదా వీలునామాలో రాసినవాళ్లది. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను వాటాలతో పెట్టొచ్చు. భార్య పేరు చేర్చి, వీలునామాలోనూ అవే వాటాలు రాయండి.

అబ్బాయికి ఒక మాట. అప్పులతో వ్యాపారం చేస్తూ చిన్నపిల్లలున్నవాడు టర్మ్ పాలసీని (జీవిత బీమా) 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోవాలి. అలా తీసుకుంటే ఆ సొమ్ము భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు మామూలుగా ముట్టుకోలేరు. ఈ ఏర్పాటు పాలసీ తీసుకునేటప్పుడే అడిగి చేయించుకోవాలి.