అద్దె, కౌలు ఒకటి కావు: ఇటాలియన్ ఒప్పందాల అనువాదం గురించి ఒక తండ్రికి జవాబు

తెనాలి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి అయిదేళ్ల లా పూర్తిచేసింది. ఇటాలియన్ బీ2 స్థాయి (యూరప్ భాషా కొలమానంలోని ఆరు మెట్లలో నాలుగోది) దాకా నేర్చుకుంది. ఇటలీ వ్యాపార లీజు ఒప్పందాలను ఇంగ్లీషులోకి అనువదించే పనిలో స్థిరపడతానంటోంది. యంత్రాలే అనువదిస్తున్న రోజుల్లో ఈ పని నిలుస్తుందా? డేటా సైన్స్‌లో చేర్పించడం మేలా? రెండింటినీ పోల్చి చెప్పండి."

అయ్యా, భాష పేరు మార్చి ఇదే ప్రశ్న ఎందరో తల్లిదండ్రులు నన్ను అడిగారు. మీ దిగులు యంత్రం గురించి కాదు, చదివించిన లా వృథా అవుతుందేమోనని. అది వృథా కాదు; ఈ పనికి పెట్టుబడే ఆ చదువు.

మనం ఇంటిని అద్దెకిస్తాం, పొలాన్ని కౌలుకిస్తాం. ఆ రెండు మాటలనూ మీ ఊళ్లో ఎవరూ కలిపేయరు. 1942 నాటి ఇటలీ సివిల్ కోడ్‌లోనూ ఆ తేడా ఉంది. అద్దెకు ఇవ్వడం 'లొకాత్సియోనె', ఫలసాయమిచ్చే ఆస్తిని ఇవ్వడం 'అఫిత్తో'. సామాను, పేరు, సిబ్బందితో సహా నడుస్తున్న వ్యాపారాన్నే అప్పగిస్తే అది 'అఫిత్తో దజ్యెండా', అంటే వ్యాపారాన్ని కౌలుకివ్వడం. ఖాళీ దుకాణం గదికి 1978 నాటి 392వ చట్టం వర్తిస్తుంది: గడువు కనీసం 6 ఏళ్లు, జనం వచ్చిపోయే దుకాణాన్ని యజమాని తనంతట తాను ఖాళీ చేయిస్తే మామూలుగా 18 నెలల అద్దె పరిహారం. వ్యాపారం కౌలుకు ఆ పరిహారం లేదు. సిబ్బంది మాత్రం కౌలుదారు కిందికి వస్తారు, ఇచ్చినవారు ఆ గడువులో పోటీ దుకాణం తెరవకూడదు. రెండింటికీ 'లీజ్ అగ్రిమెంట్' అని రాసి ఊరుకుంటే, ఇంగ్లీషులో చదివి సంతకం చేసే పెట్టుబడిదారు తనకు లేని హక్కును ఉందనుకుంటాడు.

ఒక విద్యార్థిని నా ముందు కూర్చుని ఒక యంత్రానువాదాన్ని దిద్దింది. అందులో 'అజ్యెండా' అన్న చోటల్లా 'కంపెనీ' అని ఉంది. కంపెనీ అంటే ఇటలీలో 'సొచియెతా'; 'అజ్యెండా' అంటే వ్యాపారి తన వ్యాపారం కోసం కూర్చుకున్న ఆస్తుల సముదాయం. ఆమె ఆ మాటను కొట్టేసి 'నడుస్తున్న వ్యాపారం' అన్న అర్థమొచ్చే ఇంగ్లీషు మాట రాసి, పక్కన ఇటాలియన్ మాటను అలాగే ఉంచింది. 'దిస్దెత్తా', 'రెచెస్సో', 'రిజొలుత్సియోనె' మూడింటినీ ఆ యంత్రం 'టెర్మినేషన్' అనేసింది. మొదటిది గడువు పొడిగించబోమన్న నోటీసు, రెండోది ఏకపక్షంగా వైదొలగడం, మూడోది ఒప్పందం రద్దు కావడం. లా చదివిన కన్నుకే ఇవి ఆనతాయి.

ఇక డేటా సైన్స్ సంగతి. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. గణితం మీద మక్కువ లేనివారు కొద్ది నెలల కోర్సు చేసి, ఇంజనీరింగ్ చదివినవారి పక్కన నిలబడి ఉద్యోగం వెతుక్కోవడం నేను చూశాను. ఇంత పెద్ద ఉత్తరంలో మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టమో లేదో మీరు ఒక్క మాటైనా రాయలేదు. అది తప్పండీ. పక్కింటి అబ్బాయి చేరాడని ఆమె అయిదేళ్ల చదువును పక్కన పెట్టించకండి.

అనువాదంలో ఇబ్బందులు లేవనను. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారినే కోరే ఏజెన్సీలున్నాయి, ఆదాయం నెలనెలా ఒకేలా రాదు, ఒప్పందాల పనికి బీ2 చాలదు. అందుకే ముందు ఒక లా ఆఫీసులోనో, ఏదైనా సంస్థ కాంట్రాక్టుల విభాగంలోనో రెండేళ్లు పనిచేస్తూ, సాయంత్రాలు దాని పై మెట్టయిన సీ1కి చదవమనండి.

ఈ ఆదివారం ఒక ఇటాలియన్ ఒప్పందం తెచ్చి, ఏ షరతు అద్దెకు చెందుతుందో, ఏది కౌలుకు చెందుతుందో మీకు తెలుగులో విడమరచి చెప్పమని అడగండి. మధ్యలో అడ్డు రాకుండా వినండి.