తోకకి కట్టు బిగించకు తల్లీ

బుజ్జీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు వీధి కుక్కని ఫ్లాట్‌కి తెచ్చుకుంటున్నావని, దాని తోక మీదుగా స్కూటర్ వెళ్ళిందని ఒకటే గోల. నాకు గర్వంగానే అనిపించింది, ఆ వెంటనే టెన్షన్ మొదలైంది. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, ఆఫీసు, పైగా ఒక్కదానివే. సరే, తెచ్చుకో. ఇది మాత్రం పూర్తిగా చదువు.

ముందు నీ సంగతి. రోజూ నీ చేతి బిస్కెట్లు తిన్న కుక్కైనా, నొప్పిగా ఉన్న తోక ముట్టుకుంటే కరుస్తుంది, అందులో దాని తప్పేం లేదు. ఇంకొకరిని తోడు పెట్టుకో. మూతికి మెత్తటి గుడ్డ కట్టినా పని కాగానే విప్పెయ్, కుక్కలు వగర్చే ఒళ్ళు చల్లబరుచుకుంటాయి, మన వైజాగ్ ఉక్కలో నోరు కట్టేస్తే తట్టుకోలేవు. పన్ను గీరుకుందా, సబ్బు పెట్టి పంపు కింద పావుగంట కడిగి అదే రోజు కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకో. చిన్న గీతే కదా అని ఊరుకున్నావంటే నేనే వచ్చి చెవి పట్టుకుని తీసుకెళ్తాను.

రెండోది, అది మూత్రం పోస్తోందా, దొడ్డికి వెళ్తోందా చూడు. తోక మొదట్లో గట్టిగా లాగినట్టయితే అక్కడి నరాలు దెబ్బతింటాయి, మూత్రం, మలం ఆపుకునే నరాలూ ఆ దగ్గరే ఉంటాయి. తోక పూర్తిగా వేలాడిపోయినా, మూత్రం బిగుసుకున్నా, ఊరికే కారిపోతున్నా తెల్లారేదాకా ఆగకు, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఎక్స్‌రే తీస్తే ఎముక సంగతి కూడా తెలుస్తుంది.

పుండుని ఉప్పునీళ్ళతో కడుగు, అర లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఒక చిన్న చెంచా ఉప్పు. బెటాడిన్ అయితే పల్చటి టీ రంగు వచ్చేలా నీళ్ళు కలుపు. కిరోసిన్, ఫినాయిల్ వద్దు. మనం వేసుకునే పారాసిటమాల్, బ్రూఫెన్ అస్సలు వద్దు, అవి కుక్కలకి విషం.

ఇప్పుడు అసలు మాట. కంచరపాలెంలో ఉన్నప్పుడు మాకు రాజు అనే కుక్క ఉండేది. వాడికి ఎవరు వచ్చినా సంబరమే, తోక గోడకి కొట్టుకుని కొట్టుకుని చివర చిట్లింది. అక్కడ కండ తక్కువ, చర్మం పల్చన, మానేలోపు మళ్ళీ ఊపేవాడు, గోడలంతా రక్తం చిమ్మేది. మీ తాతయ్య పక్కవీధి కాంపౌండర్ గారిని పిలిపించారు. ఆయన దూది పెట్టి, గుడ్డ చుట్టి, జారిపోకుండా పైన రబ్బరు బ్యాండు బిగించారు. రక్తం టక్కున ఆగింది. ఇంట్లో అందరికీ హాయి. రాజు ఆ కట్టుని కొరుక్కుంటుంటే దురద పెడుతోంది, మానుతోందన్నమాట అన్నారు కాంపౌండర్ గారు. మీ అమ్మ అప్పటికి చిన్నపిల్ల, వాడి పక్కనే పడుకునేది, "రాజు తోక కంపు కొడుతోంది నాన్నా" అని చెబుతూనే ఉంది, ఎవరూ వినలేదు. చివరికి కట్టు విప్పితే తోక కొస నల్లగా, చల్లగా ఉంది, లోపల పురుగులు. రక్తం ఆగింది పుండు మాని కాదు, అసలు అటు రక్తమే పోనివ్వలేదు ఆ రబ్బరు బ్యాండు. పశువుల డాక్టరు తోక సగానికి తీసేశారు. మీ అమ్మ అన్నం ముట్టలేదు. ఇవాళ ఆవిడ నీ మీద అరుస్తోందంటే కుక్కంటే ఇష్టం లేక కాదే, అర్థం చేసుకో, ఎదురు సమాధానం చెప్పకు.

అందుకే కట్టు డాక్టరు చేత వేయించు, ఎలా వెయ్యాలో పక్కన నిలబడి చూడు. వదులుగా ఉండాలి, తడిస్తే వెంటనే మార్చాలి. దారం, రబ్బరు బ్యాండు, గట్టి టేపు వద్దు. వాళ్ళు చెప్పినట్టు విప్పి చూడు. వాచినా, చల్లబడినా, రంగు మారినా, వాసన వచ్చినా చెప్పిన రోజు దాకా ఆగొద్దు. వానాకాలం ఈగలు ఒక్కరోజులో పురుగులు పట్టించేస్తాయి, కిటికీకి దోమతెర బిగించు. నాక్కోకుండా మెడకి కోన్, అదే గరాటులా ఉండే పట్టీ, పెట్టించు, అది దిగాలుగా మొహం పెడితే జాలిపడి తీసెయ్యకు. ఇరుకు వరండాలో కాకుండా హాలు మధ్యలో పడుకోబెట్టు, ఆఫీసు నుంచి రాగానే ముద్దులాడకు, అది శాంతించాక పలకరించు. తోక ఎంత తక్కువ ఊపితే పుండు అంత త్వరగా మానుతుంది.

ఒకవేళ తీసెయ్యాలంటే ఏడవకు. రాజు ఆ సగం తోకతోనే వీధంతా పరిగెత్తాడు, మీ అమ్మ స్కూల్ నుంచి వస్తే నడుము మొత్తం ఊపేవాడు.

ఆదివారం పాత దుప్పట్లు తీసుకుని వస్తాను, నీ దగ్గర రెండు రోజులు ఉంటాను. డాక్టరు ఖర్చు నాది, వాదించకు. అది మూత్రం పోసిందో లేదో ఈ రాత్రికే మెసేజ్ పెట్టు, ఎంత లేటైనా సరే.

మీ పెద్దమ్మ